వంటింట్లో ఎన్ని డిగ్రీలు?

మార్చి నెల దాటిందంటే మా వారు పేపర్లో రాజకీయాలు పక్కన పెట్టి ముందు ఉష్ణోగ్రతల పట్టిక చూస్తారు. చూసి ఊరుకుంటే బాగానే ఉండును. "ఖమ్మం 44!" అని, ఆ ఎండని తానే స్వయంగా కాయించినంత గొప్పగా ప్రకటిస్తారు. గోడ అవతలనుంచి పక్కింటాయన "భద్రాచలం 45టండీ!" అని అందుకుంటారు. క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టే! మా పెనుబల్లి పేరు ఆ పట్టికలో కనబడదు. అది మా వారికి కాస్త చిన్నతనంగానే ఉంటుంది. "ఇక్కడా అంతే ఉంటుందిలే, ఒకటి అటూ ఇటూ" అని తనని తానే ఓదార్చుకుని, ఫ్యాను కింద కుర్చీ జరుపుకుని, "ఇంకో గ్లాసు మజ్జిగ ఉందా?" అంటారు.

ఆ 44 మా ఇంటిదే అని నేనూ అనుకునేదాన్ని. కాదని తెలియడానికి మా అమ్మకి ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

మా అమ్మ గురించి ముందొక మాట చెప్పాలి. మా చిన్నప్పుడు ఇంట్లో జ్వరం చూసే సాధనం అమ్మ చెయ్యే. అరచెయ్యి కాదు సుమండీ, చేతి వెనకవైపు. పొయ్యి దగ్గర కాగి కాగి అరచెయ్యి మొద్దుబారిపోతుందిట, దాన్ని నమ్మకూడదుట. నుదురు, మెడ, పొట్ట వరసగా తాకి, కళ్ళు మూసుకుని, "నూటొకటి ఉంటుంది" అనేది. తరవాత్తరవాత నాన్న ఒక థర్మామీటరు కొన్నారు. అమ్మ చెప్పాక దాంతో చూస్తే అర డిగ్రీకి మించి తేడా వచ్చేది కాదు. దాంతో నాన్నకి థర్మామీటరు మీద నమ్మకం కుదిరింది!

మూడేళ్ళ క్రితం రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకి వడియాల సరదా. అమ్మకి 70 దాటాయి. అయినా వడియాల పిండి ఇంకొకరు కాయడానికి వీల్లేదు. మామూలుగా తెల్లవారుజామునే పిండి కాచి, ఎండ ముదరకుండా డాబా మీద పెట్టేస్తాం. ఆ రోజు మాత్రం, మా అమ్మాయి మర్నాడు హైదరాబాదు హాస్టలుకి వెళ్ళిపోతోందని, దానికోసం విడిగా పెట్టాలని, పదకొండింటికి మళ్ళీ పొయ్యి వెలిగించింది. మా వెనక వంటసాల రేకులది. వడగాలికి మంట ఆరిపోతుందని కిటికీ మూసింది. ఆ కారణంగానే అక్కడ ఫ్యానూ లేదు. నేను ముందుగదిలో కూర్చుని నా నవలలో నాయిక కష్టాలు రాసుకుంటున్నాను.

గంట తరవాత మాడువాసన వచ్చి లేచి వెళ్ళాను. పిండి అడుగంటుతోంది. అమ్మ గరిటె పట్టుకుని పీట మీద అలాగే కూర్చుని ఉంది. "అమ్మా!" అంటే నా వైపు చూసి, "అక్కా, ఎప్పుడొచ్చావే?" అంది. మా పెద్దమ్మ పోయి పదకొండేళ్ళయింది.

చెయ్యి పట్టుకుంటే పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టే ఉంది. ఇంటిల్లిపాది జ్వరాలూ చూసిన ఆ చేతికి తన వేడి తనకి తెలియలేదు. థర్మామీటరు పెడితే 104. అమ్మాయి 108కి ఫోను చేసింది. మేమిద్దరం అమ్మని ముందుగదిలోకి మోసుకొచ్చి, చీర వదులు చేసి, ఒంటి నిండా తడిగుడ్డలు వేసి విసురుతూ కూర్చున్నాం. నేను కంగారులో నోట్లో నీళ్ళు పోయబోతే 108లో మాట్లాడుతున్న పిల్ల వద్దంది. తెలివి సరిగా లేనివాళ్ళకి పోస్తే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయిట. జ్వరం మాత్ర కూడా వద్దంది. వడదెబ్బ వేడికి ఆ మాత్ర పనిచెయ్యదుట. చల్లబరచడమే మందుట.

ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ పరీక్ష చేస్తూ, "ఎంత వేడిలో ఉన్నారు ఈవిడ?" అని అడిగింది.

"44" అన్నారు మా వారు ఠక్కున.

"అది ఖమ్మంలో పెట్టెలో ఉన్న థర్మామీటరుది కదండీ! ఈవిడ కూర్చున్న వంటింట్లో ఎంత?"

మా వారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఆ వంటింట్లో వండుతున్నాను. అక్కడ ఎన్ని డిగ్రీలో నాకు తెలియదు!

అమ్మ మూడోనాటికి తేరుకుని ఇంటికొచ్చింది. ఆ ప్రశ్న కూడా మాతోపాటే ఇంటికొచ్చి కూర్చుంది.

నేను చదివింది బి.ఏ. సైన్సుకీ నాకూ పదో తరగతితోనే చెల్లు. అయినా పట్టుదల పట్టి, మా అమ్మాయి పాత ఇంటర్ ఫిజిక్సు పుస్తకం అటక మీంచి దింపి, అర్థం కానివి దాన్ని ఫోన్లో అడుగుతూ చదివాను. నవ్వకండి, నవలలకంటే బాగుంది.

ముందు ఆ పెట్టె సంగతి. వాతావరణ కేంద్రాల్లో కాళ్ళమీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. గాలి ఆడేలా చుట్టూ వాలు చెక్కలు. నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తు. సూర్యుడు లోపలికి తొంగి చూడకుండా మన దేశంలో దాని తలుపు ఉత్తరంవైపు పెడతారు. దాన్ని 1864 ప్రాంతంలో తయారు చేసిన స్కాట్లండు ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ ఎవరో కాదు, మనం చిన్నప్పుడు చదువుకున్న 'ట్రెజర్ ఐలండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తండ్రి! తండ్రి ఎండని పెట్టెలో పెట్టి కొలిచాడు, కొడుకు నిధిని పెట్టెలో పెట్టి కథ చెప్పాడు. ఇప్పుడు మండలాల్లో కూడా మనిషి అక్కర్లేకుండా తమంతట తామే లెక్క పంపించే యంత్రాలు వచ్చాయి. అయినా సూత్రం అదే. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి, ఆ గాలి వేడినే కొలవాలి. ఊరూరికీ పోల్చుకోవాలంటే అందరూ ఒకే పద్ధతిలో కొలవాలి మరి. కాబట్టి పేపర్లో అంకె అబద్ధం కాదు. నీడలో, గాలి ఆడే చోట నిలబడ్డ పెట్టె పడే బాధ అది. రేకుల కింద, కిటికీ మూసిన గదిలో, మరుగుతున్న పిండి ముందు కూర్చున్న మనిషి బాధ కాదు.

ఇంకో విషయం కూడా నాకు అప్పుడే తెలిసింది. వేడీ, ఉష్ణోగ్రతా ఒకటి కాదుట! మీరే చూడండి, పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ ఎర్రగా మండుతూ ఉంటుంది. చేతిమీద పడినా చురుక్కుమని ఆరిపోతుంది. కాగులో నీళ్ళు నిప్పురవ్వతో పోలిస్తే చల్లనే. అవి ఒంటిమీద పడితే మాత్రం ఆస్పత్రే. ఎంత తీవ్రంగా ఉందన్నది థర్మామీటరు చెబుతుంది. మొత్తం ఎంత ఉందన్నది చెప్పదు. దానికి వేరే పనిముట్టు కావాలి. దాని పేరు కెలోరీమీటరు.

దాని కథలో ఒక ఇల్లాలు ఉంది. 1782-83 చలికాలంలో పారిస్‌లో లెవోయిజర్, లాప్లాస్ అనే ఇద్దరు పండితులు మంచుగడ్డలు నింపిన పాత్ర మధ్య చిన్న గూడులో ఒక గినీపిగ్‌ని కూర్చోబెట్టారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగి నీరైందో తూచి, ఆ ప్రాణి ఎంత వేడి పుట్టించిందో లెక్క కట్టారు. మంచు కరిగేటప్పుడు ఎంత వేడి మింగినా చల్లదనం మారదు. ఆ దాచుకున్న వేడినే పాఠాల్లో గుప్తోష్ణం అంటారు. లెవోయిజర్ భార్య మేరీ ఆన్. పెళ్ళినాటికి ఆవిడకి 13 ఏళ్ళు. భర్త కోసం రసాయనశాస్త్రం నేర్చుకుంది, బొమ్మలు గీయడం నేర్చుకుంది. 1789లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ మంచుపాత్రతో సహా పరికరాల బొమ్మలన్నీ ఆవిడ గీసినవే. 1794లో విప్లవకారులు ఆయన తల తీశారు.

కొన్నేళ్ళకి ఆవిడ రమ్‌ఫర్డ్ అనే మరో పండితుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఈయనా వేడి మీద పరిశోధన చేసినవాడే! లెవోయిజర్ వేడిని ఒక రకం ద్రవం అనుకున్నాడు. రమ్‌ఫర్డ్ ఫిరంగి గొట్టానికి బెజ్జం వేస్తూ, ఆ రాపిడికే చుట్టూ ఉన్న నీళ్ళు రెండున్నర గంటల్లో మరగడం చూపించి, వేడి ద్రవం కాదు, కదలికే అని 1798లో ప్రకటించాడు. మొదటి భర్త మాటని రెండో భర్త కొట్టిపారేసినట్టే కదా! కాపురం మాత్రం కుదరలేదు. ఒకసారి ఆవిడ పిలిచిన అతిథులు లోపలికి రాకుండా ఆయన గేటుకి తాళం వేయించాడుట. ఆవిడ గోడమీంచే అతిథులతో మాట్లాడి పంపించి, తిన్నగా వెళ్ళి ఆయన ముద్దుగా పెంచుకున్న పూలమొక్కల మీద సలసల కాగే నీళ్ళు పోసిందిట. ఈ సంగతి ఆయనే కూతురికి ఉత్తరంలో రాసుకున్నాడు. వేడి అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికంటే ఆవిడకే బాగా తెలుసని నా అభిప్రాయం!

మూడో ఆయన జూల్. మాంచెస్టరులో బీరు తయారుచేసే వ్యాపారి కొడుకు. ఆయన చేసిన పని చదివి నేను "ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. నీళ్ళ పాత్రలో కవ్వం లాంటిది పెట్టి, దానికి కట్టిన బరువులు కిందికి జారుతుంటే అది తిరిగేలా చేశాడు. చిలికితే నీళ్ళు వెచ్చబడతాయి, ఎంత పనికి ఎంత వెచ్చదనమో తేల్చాలి. ఇరవైసార్లు బరువులు జార్చినా పెరిగింది అర డిగ్రీ ఫారన్‌హీటు చిల్లర మాత్రమే. దాన్ని పట్టుకోగలిగిన సున్నితమైన థర్మామీటర్లు ఆయనవి. 1847లో కొత్త పెళ్ళికూతురితో ఆల్ప్స్ కొండలకి వెళ్ళినప్పుడు కూడా థర్మామీటరు వెంట తీసుకెళ్ళి, జలపాతం పైన నీళ్ళకంటే కింద నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో చూడబోయాడని, దారిలో ఎదురైన లార్డ్ కెల్విన్ తరవాత చెప్పుకున్నాడు. ఈ ముక్క మా వారికి వినిపిస్తే, "చూశావా, నేను పేపరొక్కటే చదువుతాను" అన్నారు.

దూరదేశాల కథలెందుకు, మా పక్కనే ఉంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయి. ఆ ఊరు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. రాముడి దర్శనానికి వెళ్ళినప్పుడు చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళింది. చెలమలో ముందు తన మోచెయ్యి ముంచి, "పిల్లలకి పోయొచ్చు" అన్నాకే మాకు స్నానం. పసిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు మనందరం చూసేది మోచేత్తోనే కదా!

అదే గోదావరి లోయలో పరిశోధకులు మరో రకంగా వేడి చూశారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో పుట్టింది. ఆ దశకం నుంచే అక్కడివాళ్ళు, బొగ్గు వెతకడానికి వేసిన లోతు బోర్లలోకి థర్మిస్టరు అనే చిన్న పనిముట్టుని తీగకు కట్టి దింపారు. వెచ్చబడేకొద్దీ దానిలో విద్యుత్తుకి అడ్డు తగ్గుతుంది. ఆ తగ్గుదలని బట్టి డిగ్రీలో చిన్న భాగం తేడా కూడా తెలుస్తుంది. మెట్టు మెట్టుకీ ఆపి, ఇక్కడెంత, ఇక్కడెంత అని చూసుకుంటూ దింపుతారు. సాధారణంగా కిలోమీటరు లోతుకి 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. పెరుగుదల ఒక్కటే చాలదు. బోరులోంచి తీసిన రాతి ముక్కలు వేడిని ఎంత సులువుగా పోనిస్తాయో ప్రయోగశాలలో కొలిచి, ఆ రెండూ హెచ్చవేస్తే భూమి లోపలినుంచి పైకి వచ్చే వేడి ఎంతో తేలుతుంది. అది ఎంతో తెలుసా? భూఖండాల మీద సగటున చదరపు మీటరుకి ఒక వాటులో పదిహేనో వంతు! 120 గజాల ఇంటి స్థలం మొత్తానికీ కలిపితే పాతకాలం జీరో బల్బు సగం కూడా వెలగదు. అంత సన్నటి వేడిని కూడా మనుషులు లెక్క కట్టారు. గోదావరి లోయలో కొన్ని చోట్ల అది మామూలుకంటే ఎక్కువని తేలింది. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి ఉబికి వచ్చే వేడినీళ్ళతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కరెంటు యంత్రం సింగరేణివాళ్ళు పెట్టారు.

ఇది చదివాక నాకు నిజంగానే ఉక్రోషం వచ్చింది. పాతాళంలో వేడి తెలుసు, జలపాతం కింద వేడి తెలుసు, గినీపిగ్ వేడి తెలుసు. మా అమ్మ కూర్చున్న పీట దగ్గర వేడి ఎవరికీ తెలియదు!

దానికీ పద్ధతి ఉందిట. మా అమ్మాయి చెప్పింది. రెండు థర్మామీటర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టాలి. గుడ్డలో నీరు ఆవిరయ్యేకొద్దీ ఆ బుడ్డి చల్లబడి తక్కువ అంకె చూపిస్తుంది. కుండలో నీళ్ళు చల్లబడేది అందుకే, చెమటపట్టిన ఒంటికి గాలి తగిలితే హాయిగా ఉండేదీ అందుకే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే తడి ఆరదు, కుండా చల్లబడదు, మనిషీ చల్లబడడు. ఆ తడి బల్బు 35 డిగ్రీలకి చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా నీడలో కూర్చున్నా కొన్ని గంటలకి మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. 2022లో అమెరికాలో కుర్రవాళ్ళని గదిలో పెట్టి పరీక్షిస్తే, తేమ వేడిలో 31 దగ్గరే ఒళ్ళు అదుపు తప్పడం మొదలైంది. ఇక ముసలివాళ్ళ సంగతి చెప్పాలా?

దీనికి తోడు, నల్లరంగు వేసిన రాగి గోళం లోపల పెట్టే థర్మామీటరు ఇంకొకటి ఉంది. అది కాగిన రేకూ మంటా నేరుగా ఒంటికి కొట్టే సెగని పట్టుకుంటుంది. శిక్షణలో సైనికులు వేడికి పడిపోతున్నారని 1950లలో అమెరికావాళ్ళు మూడింటినీ కలిపి ఒక లెక్క కట్టారు. అందులో నూటికి 70 వంతుల విలువ తడి గుడ్డదే! మనిషికి తగిలే వేడిని కొలవడం సైనికుల కోసం మొదలైంది సరే. కల్లంలో మిరపకాయలు ఏరేవాళ్ళ దగ్గర, కరువుపనిలో తట్ట మోసేవాళ్ళ దగ్గర ఎవరు కొలుస్తారు? 2015 మే నెల వడగాడ్పులకి దేశంలో రెండు వేలమందికి పైగా పోతే, ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్ళే. ఆ రోజుల్లోనూ పేపర్లో పెట్టె అంకె సరిగ్గానే ఉంది.

మర్నాడే రెండు గోడ థర్మామీటర్లు తెప్పించాను. ఒకదానికి మల్లుగుడ్డ చుట్టి, గుడ్డ కొస చిన్న సీసా నీళ్ళలో వేశాను. అమ్మ చూసి, "దానికేం జ్వరమే, తడిగుడ్డ వేశావు?" అంది. పాలలెక్క రాసుకునే క్యాలెండరు మీదే అంకెలు రాశాను. ఒకరోజు పదకొండింటికి వసారా నీడలో 42, తడిది 26. రేకుల వంటసాలలో, పొయ్యి మీద గంజి పొంగుతుండగా, పొడిది 46, తడిది 31! రెండుసార్లు చూశాను. రెండు థర్మామీటర్లనీ ఒకే చెంబు నీళ్ళలో పెట్టి, రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో కూడా సరిచూశాను. ఎంతైనా రమ్‌ఫర్డ్ కథ చదివినదాన్ని కదా!

ఆ క్యాలెండరు మా వారి ముందు పెట్టాను. ఆయన వాదించలేదు. అంకెలంటే ఆయనకి గౌరవం. ఉక్కగా ఉందని ఇరవై రెండేళ్ళుగా నేను చెబుతూనే ఉన్నాను. అది సణుగుడు. 31 అనేది మాత్రం సమాచారం! ఆ ఆదివారమే ఆయన రేకుల మీద తెల్లసున్నం కొట్టించారు. కప్పులు తెల్లగా ఉంటే వేడి తగ్గుతుందని 2023లో తెలంగాణ ప్రభుత్వమే ఒక విధానం తెచ్చిందని నేను చెబితే, "ముందే చెప్పొద్దూ!" అన్నారు. మంటకి అడ్డంగా పొయ్యి చుట్టూ రేకు పెట్టి కిటికీ తెరిచాం. పైన ఆవిరిని బయటికి లాగే ఫ్యాను పెట్టాం. ఎండాకాలం వంట ఎనిమిదింటికల్లా ముగించాలని, మధ్యాహ్నం ఎవరొచ్చినా మజ్జిగే తప్ప కాఫీ లేదని ఇంట్లో తీర్మానం చేశాం. ఆ కాఫీ తీర్మానం ఒక్కటే మా వారికి కష్టమైంది. మర్నాటి వేసవిలో అదే పదకొండింటికి పొడిది 40, తడిది 27.

అమ్మ వడియాలు మానలేదు. తెల్లవారుజామునే కాస్తోంది. ఈమధ్య పీట వేసుకునేముందు తలెత్తి ఆ రెండు థర్మామీటర్లనీ చూస్తుంది. చూసి, చేతి వెనకవైపుతో ఒకసారి గోడ తాకుతుంది. అది చెప్పింది నిజమో కాదో సరిచూస్తుందన్నమాట. ఆ తరవాతే అగ్గిపుల్ల గీస్తుంది.

నిన్న పొద్దున్న మా వారు యథాప్రకారం పేపరు విప్పి, "ఖమ్మం 44!" అన్నారు.

లోపలినుంచి అమ్మ గొంతు వినబడింది: "అది సరే అల్లుడుగారూ, మనదెంతో చూశారా?"

మా వారు కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళారు.